నూనె బాబాయి దాచిన మాత్ర

జుట్టు కత్తిరించేవాడికే జుట్టు ఊడిపోతే ఎలా ఉంటుందో తెలియాలంటే నూనె బాబాయిని అడగాలి. ఎవరూ పైకి ఏమీ అనరు. కుర్చీలో కూర్చుని ముందు అద్దంలో తమ తల చూసుకుంటారు, తర్వాత వెనక కత్తెర పట్టుకుని నిలబడ్డవాడి తల చూస్తారు. ఆ రెండో చూపు ఉంది చూశారూ, దానికన్నా చెంపదెబ్బ నయం. నలభై ఏడో ఏట నడినెత్తిన మొదలైన బట్టతల ఏడాది తిరగకుండానే నుదుటిని కలుపుకుంటే, బాబాయి ఆ చూపులు రోజుకి పాతిక దాకా తిన్నాడు.

అప్పటికింకా ఆయన్ని నూనె బాబాయి అనేవారు కాదు. రెండు కుర్చీల సెలూన్, ముందో అద్దం, వెనకో అద్దం. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు అద్దాల మధ్యే నిలబడి పనిచేస్తున్నాడు కాబట్టి, తన నడినెత్తి తనకి కనిపించదులే అని ఊరుకునే అదృష్టం కూడా లేదు. టోపీ పెట్టుకుని చూశాడు. సెలూన్‌లో టోపీ పెట్టుకున్నవాడిని చూసి వచ్చినవాళ్ళు జలుబా అని అడిగేవారు. అవునని రెండు వారాలు తుమ్మాడు.

ఆయన భార్యని వీధి వీధంతా పిన్ని అంటుంది. పిన్ని చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. వాళ్ళ అమ్మమ్మ చెప్పిన లెక్క ప్రకారం ఆకులూ గింజలూ వేసి నూనె కాచింది. రోజూ పొద్దున్నే ఆయన్ని పెరటిగుమ్మంలో కూర్చోబెట్టి మాడుకి పోసి, పది వేళ్ళతో మర్దనా చేసేది. నాలుగు నెలలు గడిచేసరికి ఆ నూనె దిండుకి పట్టింది, చొక్కా కాలరుకి పట్టింది, కుర్చీ వీపుకి పట్టింది. తలకి మాత్రం పట్టలేదు.

దాంతో బాబాయి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, ఊరికి ఆ చివర ఉన్న చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రోజుకొక చిన్న మాత్ర రాసిచ్చాడు ఆయన. వేసుకున్నన్నాళ్ళూ ఉంటుంది, ఆపితే ఊడుతుంది అని కూడా చెప్పాడు. బాబాయి మాత్రలు తెచ్చి సెలూన్‌లో బ్లేడ్ల పెట్టె అడుగున దాచాడు. పిన్నికి ఎందుకు చెప్పలేదంటే, ఆవిడ వేళ్ళ కష్టాన్ని కాదన్నట్టు అవుతుందని. కాస్త మొలిచాక నవ్వుతూ చెబుదామనుకున్నాడు.

మొలిచింది. ఎనిమిదో నెలలో ఒకరోజు మర్దనా చేస్తున్న పిన్ని చేతులు ఆగిపోయాయి. ముందుకొచ్చి చూసింది, వెనక్కెళ్ళి చూసింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చూశారా! మా అమ్మమ్మ మాట ఊరికే పోలేదు. నా నూనె పనిచేసిందండీ!"

బాబాయి చెప్పడానికి నోరు తెరిచాడు. ఆవిడ మొహం చూసి మూసేశాడు. ఆ మూసిన నోరు పన్నెండేళ్ళ దాకా తెరవలేదు. మంచి మాటలకి ఆలస్యం చేస్తే వచ్చే చిక్కే ఇది, రెండో రోజుకి అవి అబద్ధాలైపోతాయి.

పిన్ని పక్కింటికి చెప్పింది. పక్కిల్లు వీధికి చెప్పింది. ఏడాదిలో సెలూన్‌లో సీసాల కోసం ప్రత్యేకంగా ఒక అర వచ్చింది, సీసా మీద ఆయన ఫోటో వచ్చింది, అద్దం పక్కన 'అప్పుడు', 'ఇప్పుడు' అని రెండు పటాలు వెలిశాయి. నూనె బాబాయి అన్న పేరు అలా పుట్టింది. నూనె రాసినా మొలవలేదని వచ్చినవాళ్ళకి ఆయన ఒంట్లో వేడి ఎక్కువనో, రాసే పద్ధతి తప్పనో చెప్పేవాడు. చెప్పాక వెనక అద్దంలో తన వీపు తనకి కనిపించేది. "ఆ వీపు మీద ఒక్కటి ఇచ్చుకుందామంటే చెయ్యి అందేది కాదు" అని ఇప్పుడు ఆయనే చెప్పి నవ్వుతాడు.

యాభై ఎనిమిదో ఏట కొత్త కష్టం వచ్చింది. ఉన్నట్టుండి మూత్రానికి పరుగెత్తాల్సి వచ్చేది. కుర్చీలో ఒక చెంప గీసి, రెండో చెంప నురుగుతో ఉండగానే "ఒక్క నిమిషం" అని మాయమయ్యేవాడు. వెళ్ళాక అక్కడా తొందరగా పని అయ్యేది కాదు. కుర్చీలోవాళ్ళు నురుగు ఎండిపోయి, మొహం బిగుసుకుపోయి, అద్దంలో తమని తాము చూసుకుంటూ కూర్చునేవారు. సినిమాలోలా విశ్రాంతి అని దానికో పేరు కూడా పెట్టారు. పిన్ని చెవిన పడింది. మర్నాడే ఆయన్ని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది.

మూత్రవ్యాధుల డాక్టరమ్మ చిన్న వయసుది, మాట నెమ్మది. మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుందనీ, వయసు పైబడ్డాక అది పెరగడం మామూలేననీ, కాకపోతే క్యాన్సర్ లేదని చూసుకోవాలనీ చెప్పింది. కాగితం ముందుకు లాక్కుని అడిగింది.

"రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?"

"అబ్బే! జ్వరం వచ్చినా మాత్ర మింగరండీ," అంది పిన్ని. "మందులంటేనే గిట్టదు ఆయనకి. ఆ తల చూడండి, ఈ వయసులో! అంతా మా ఇంటి నూనే."

డాక్టరమ్మ చూసింది. బాబాయి తల ఊపాడు. ఊపితే అందంగా ఊగేటంత జుట్టుంది మరి.

తర్వాత గ్రంథిని వెనక నుంచి వేలితో తడిమి చూసే పరీక్ష. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ అటు తిరగండి, ఇటు తిరగండి, కదలకండి అని చెప్పిన మనిషికి, పక్కకి తిరిగి మోకాళ్ళు ముడుచుకోమని ఇంకొకరు చెప్పడం అదే మొదటిసారి. గ్రంథి కాస్త పెరిగింది, ఎక్కడా గట్టిగా లేదు అంది డాక్టరమ్మ. రక్తపరీక్షలో అంకె రెండు పాయింట్ ఎనిమిది వచ్చింది. నాలుగు లోపు ఉంటే సాధారణంగా కంగారు పడం అంది. మూత్రం సాఫీగా రావడానికి ఒక మందు రాసి, ఏడాదికి రమ్మంది.

బాబాయికి బడిలో ఎప్పుడూ రాని ఆనందం అప్పుడొచ్చింది. రిపోర్టు తెచ్చి 'ఇప్పుడు' పటం పక్కనే అద్దానికి అంటించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. నాలుగు లోపు అంటే పాస్ అని వివరించాడు. పైగా వీధిలో పెద్దవాళ్ళకి ఆరోగ్యం మీద ఉచిత సలహాలు కూడా మొదలుపెట్టాడు.

మరుసటేడు మూడు పాయింట్ ఆరు. "ఇప్పుడూ నాలుగు లోపే," అంది డాక్టరమ్మ, "కాకపోతే కొంచెం పెరిగింది. మూడు నెలలాగి ఇంకోసారి చూద్దాం. కొత్తగా మందులేమైనా వాడారా?" పిన్ని మళ్ళీ అదే జవాబు చెప్పింది. ఈసారి డాక్టరమ్మకి ఒక సీసా నూనె కూడా ఇచ్చింది. బాబాయి మళ్ళీ తల ఊపాడు. ఇంటికొచ్చి పాత రిపోర్టు పీకేసి కొత్తది అంటించాడు.

ఇక్కడ ఒక కాగితం సంగతి చెప్పాలి. మాత్రల పెట్టెలో మడతల మీద మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి వచ్చేది. విప్పితే తువ్వాలంత, అక్షరాలు చీమ తలకాయలంత. పన్నెండేళ్ళలో దాన్ని ఒక్కసారైనా చదవని బాబాయి, ఒక్కసారి కూడా పారెయ్యలేదు. గడ్డం గీసేటప్పుడు కత్తికి అంటిన నురుగు తుడవడానికి అంత మెత్తటి కాగితం మరొకటి దొరకదు. ముక్కలు చేసి, కూర్చున్నవాళ్ళ భుజం మీద ఒక ముక్క పరిచి, గీసిన నురుగంతా దానికి తుడిచేవాడు. దాచాల్సింది దాచినట్టూ ఉంది, వాడాల్సింది వాడినట్టూ ఉంది అని తన తెలివికి తనే మురిసిపోయేవాడు.

రోజు విడిచి రోజు గడ్డానికి వచ్చేవాళ్ళలో ఒక రిటైరైన మాస్టారున్నారు. ఆయనకి చదవడం ఒక జబ్బు. పాత పేపరు ముక్క, సబ్బు మీది రాత, బస్సు టిక్కెట్టు వెనక షరతులు, ఏదీ వదలరు. రెండో పరీక్ష అయిన నెలకి, ఒక మధ్యాహ్నం, మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. బాబాయి కత్తి ఆయన గొంతు కింద ఉంది. మాస్టారు కళ్ళు మాత్రం పక్కకి తిరిగి భుజం మీది కాగితాన్ని చదువుతున్నాయి.

"ఇదేదో మందు కాగితమయ్యా. జుట్టు రాలకుండా వేసుకునేదిట. 'ఈ మందు వాడేవారిలో ప్రోస్టేట్ రక్తపరీక్ష అంకె దాదాపు సగానికి తగ్గి కనిపించవచ్చు. పరీక్షకు ముందు ఈ మందు సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను.' చూశావా, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే నవ్వుతాం గానీ, నెత్తికీ నడుముకీ ముడి ఉందిట!"

కత్తి ఆగిపోయింది.

"ఏమయ్యా, గొంతు మీద కత్తి పెట్టి ఆలోచనలో పడ్డావేం? ముందు అది తియ్యి."

బాబాయి తీశాడు. "ఏం లేదు మాస్టారూ."

"ఎవరిదీ కాగితం?"

"ఎవరో వదిలేసి వెళ్ళారండీ."

"వాడెవడో డాక్టరుకి చెప్పాడో లేదో, పాపం," అని మాస్టారు రెండో చెంప ఇచ్చారు.

బాబాయి ఆ రెండో చెంప ఎలా గీశాడో ఆయనకే తెలీదు. మాస్టారు వెళ్ళాక అద్దానికి అంటించిన రిపోర్టు ముందు నిలబడ్డాడు. మూడు పాయింట్ ఆరు, ఇంకో మూడు పాయింట్ ఆరు. వేళ్ళ మీద కలిపాడు. ఏడు దాటింది. ఊరందరికీ చూపించుకున్న పాస్ మార్కులు అవి. ఆయనకి భయం వేసింది. ఖాళీ కుర్చీలో తనే కూర్చున్నాడు.

డాక్టరు దగ్గరా వకీలు దగ్గరా నిజం దాచకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. బాబాయికీ తెలుసు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి ఏం సమస్యండీ అని అడిగేసరికి, జుట్టు కత్తిరించుకోవడానికి ఒకతను సెలూన్ లోపలికొచ్చాడు. బాబాయి "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాడు. ఫోన్ చేసింది తనే అన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. పోనీ మాత్ర మానేస్తే అంకె తనంతట తనే నిజం చెబుతుంది కదా అని ఇంకో ఎత్తు వేశాడు. మూడో రోజు దువ్వెనకి నాలుగు వెంట్రుకలు అంటుకున్నాయి. నాలుగంటే నాలుగు. ఆ పూటే మళ్ళీ వేసుకున్నాడు. ప్రాణమా, జుట్టా అని అడిగితే ఎంత తెలివితక్కువవాడైనా తడుముకోకుండా చెప్పే జవాబుకి, ఆయన రెండు నెలలు తడుముకున్నాడు.

జుట్టొక్కటే అయితే తెంచుకునేవాడేమో. వంటింట్లో పిన్ని నూనె కాస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేవాడు. వాసన పట్టి ఎప్పుడు దించాలో చెప్పేది ఆవిడ, చెమ్చాతో చుక్క తీసి వేలి మీద వేసుకుని చూసేది. పక్క వీధులవాళ్ళు కూడా ఆవిడ దగ్గరికి వచ్చి, ఆవిడ నూనే కావాలని మర్యాదగా అడిగి తీసుకెళ్ళేవారు. ఈ ఒక్క మాటతో ఆవిడ ఊరందరి ముందూ నవ్వులపాలవుతుంది. ఆ పని తన నోటితో చెయ్యలేక, ఎవరికీ చెప్పలేక, లోపల ఏం పెరుగుతోందో తెలియక, కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. ఈసారి ఒక్కడినే వెళ్ళొస్తానని కూడా అన్నాడు.

"మీరా? డాక్టరు చెప్పింది సగం వింటారు, విన్నదాంట్లో సగం మర్చిపోతారు," అని పిన్ని సంచీ సర్దింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "మూడు పాయింట్ అయిదు. తగ్గింది కూడా. ఇక కంగారేం లేదు, వచ్చే ఏడాది రండి."

పిన్ని రెండు చేతులూ జోడించింది. సంచీ తీసుకుని లేచింది, తలుపు దగ్గరికి నడిచింది. బాబాయి కూడా లేచాడు, నాలుగడుగులు వేశాడు. వచ్చే ఏడాది అన్న మాట ఆయన చెవిలో ఉంది. ఏడాది పాటు మళ్ళీ రోజూ ఆ బ్లేడ్ల పెట్టె తెరవాలి, మళ్ళీ రిపోర్టు అంటించాలి, మళ్ళీ పాస్ అని చెప్పుకోవాలి. వెనక్కి తిరిగాడు.

"డాక్టరమ్మా, ఆ అంకె అబద్ధం."

"ల్యాబ్‌లో పొరపాటు జరిగిందంటారా?"

"ల్యాబ్ వాళ్ళది కాదమ్మా, నాది. పన్నెండేళ్ళుగా జుట్టు కోసం మాత్ర వేసుకుంటున్నాను." చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. తెచ్చుకున్నాడన్నమాట. చెబుతానన్న ధైర్యం లేకపోయినా, చెబుతానేమోనన్న ఆశ ఉంది పాపం.

డాక్టరమ్మ అట్ట తిప్పి పేరు చదివింది. నవ్వు పోయింది. "రోజూనా?"

"రోజూ. మొన్న మూడు రోజులు మానాను. నాలుగు వెంట్రుకలు ఊడాయి."

ఆవిడ నవ్వలేదు. పాత రిపోర్టులు పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క అంకె పక్కన దానికి రెట్టింపు రాసింది. అయిదు పాయింట్ ఆరు, ఏడు పాయింట్ రెండు, ఏడు. "కూర్చోండి. ఈ మాత్ర వాడేవాళ్ళకి అంకెని ఇలా చదవాలి. పైగా ఇది వాడుతూ ఉండగా అంకె పెరగకూడదు, పెరిగింది. స్కాన్ చెయ్యాలి. ఇప్పుడే రాస్తాను." పిన్ని తలుపు దగ్గరే నిలబడి ఉంది. సంచీ చేతిలోనే ఉంది. ఆయన వైపు చూడలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఇంటికెళ్ళాక పొయ్యి పక్కనున్న నూనె గిన్నె తోమి బోర్లించింది. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. అన్నం పెట్టింది, మందులు గుర్తుచేసింది, అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ మౌనం కన్నా తిట్లు వెయ్యి రెట్లు నయమని బాబాయికి అనిపించింది.

సెలూన్‌లో రెండు పటాలూ దించేశాడు. సీసాలు అరలోంచి తీసేశాడు. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకోవాలో అన్నీ తిట్టుకుంటూ చెప్పాడు. నూనె మంచిదే, నేనే మంచివాడిని కాదు అన్నాడు. మాస్టారు విని, "నేను పాపమన్న ఆ మనిషివి నువ్వేనటయ్యా!" అని చాలాసేపు ఆయన చెయ్యి వదల్లేదు.

స్కాన్‌లో గ్రంథికి ముందు వైపు, వేలికి అందని చోట ఒక మచ్చ కనిపించింది. సూదులతో అక్కడి నుంచి ముక్కలు తీసి పరీక్షకి పంపారు. పది రోజులు ఆగమన్నారు. ఆ పది రోజులూ బాబాయి ఎవరి తలా సమంగా కత్తిరించలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

పదకొండో రోజు డాక్టరమ్మ చెప్పింది. క్యాన్సరే. కానీ గ్రంథి దాటి బయటికి రాలేదు. ఆపరేషనో, రేడియేషనో చేసి నయం చేసే అవకాశం బాగా ఉంది. బాబాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. అన్ని రోజుల తర్వాత పిన్ని అప్పుడు నోరు విప్పింది, అదీ డాక్టరమ్మతో.

"ఆరోజు ఆయన చెప్పకపోయుంటే?"

డాక్టరమ్మ పాత రిపోర్టుల వైపు చూసింది. "వచ్చే ఏడాది రమ్మన్నాను కదమ్మా. వచ్చేవారు. అప్పుడూ బహుశా నాలుగు లోపే చూసి పంపించేసేదాన్ని. ఈలోగా అది ఎక్కడిదాకా పాకేదో నేను చెప్పలేను."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మిగతా కాగితాలకి నర్సు పిలుస్తానంది. మనుషులు అటూ ఇటూ నడుస్తున్నారు. బాబాయికి భయం వేసినప్పుడు వేళాకోళం వస్తుంది, అదొక్కటే ఆయనకి తెలిసిన మందు.

"ఇక మాత్ర ఉండదు. ఆర్నెల్లలో నున్నగా అవుతుంది. వచ్చినవాళ్ళు అద్దం బదులు నా తలలోనే మొహం చూసుకోవచ్చు." ఆవిడ నవ్వలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "నీ నూనెని నలుగురిలో అబద్ధం చేశాను. నన్ను తిట్టవే. ఏదో ఒకటి అను."

"నూనె పోతే పోయింది," అంది పిన్ని. "నూనె గురించి అనుకుంటున్నారా ఇన్ని రోజులూ?"

బాబాయి ఆవిడ వైపు తిరిగాడు.

"డాక్టరు అడిగింది మిమ్మల్ని. జవాబు చెప్పింది నేను. ఒకసారి కాదు, రెండుసార్లు. మాత్ర మింగరండీ అని గొప్పగా చెప్పాను. మీరు పక్కన కూర్చుని తల ఊపారు." ఆవిడ సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "మీకేమైనా అయ్యుంటే, మిమ్మల్ని కాటికి పంపింది నా నోరే అయ్యేది. నాకు తెలిసేది కూడా కాదు. మిమ్మల్ని తలుచుకుని ఏడుస్తూ, ఆ నూనే కాచుకుంటూ బతికేదాన్ని."

బాబాయి నోట్లో వేళాకోళం లేదు. పన్నెండేళ్ళుగా ఆవిడ పరువు కాపాడుతున్నాననుకున్నాడు. ఆవిడ చేత ఏం చేయించాడో ఇప్పుడు కనిపించింది. ఆయన ఏడ్చాడు, నలుగురూ చూస్తుండగా, తల దించుకోకుండానే. ఆవిడ కొంగు ఇవ్వలేదు, ఆయన చేతి మీద చెయ్యి మాత్రం వేసి ఉంచింది.

"ఇక నుంచి మీ ఒంటి సంగతి మీరే చెప్పుకోండి," అంది. "నేను పక్కన కూర్చుంటాను."

నర్సు తలుపు తీసి పిలిచింది. పిన్ని సంచీ తీసుకుని లేచింది, ఆయన లేచేదాకా ఆగి, ఆయన్ని ముందు నడవమంది.